ప్లేటు బిగించే ముందు పిలవండి బాబాయ్

తెనాలిలో అమ్మ ఉంటున్న ఇంటికి ఈ ఎండాకాలం వైరింగ్ మొత్తం మార్పించాను. నాన్న 1980ల్లో కట్టించిన ఇల్లు. గోడల మీద చెక్క పట్టీలు, వాటికి క్లిప్పులు కొట్టి లాగిన అల్యూమినియం తీగలు, గదికో చెక్క బోర్డు. అప్పట్లో కరెంటుతో నడిచేవి ఫ్యాన్లు, ట్యూబులైట్లు, ఒక మిక్సీ. ఇప్పుడు గీజరు, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీను, గ్రైండరు. ఇస్త్రీ పెట్టె పెట్టే సాకెట్టు ఒక పక్క గోధుమరంగుకు తిరిగి కాలిన వాసన వేస్తుంటే ఇక ఆగలేదు.

వైరింగ్ అనగానే చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీ వైరు వేయిస్తున్నావే?" ఐఎస్ఐ మార్కున్న రాగి వైరు, సరైన సైజుది తీసుకుంటే ఆ సంగతి అక్కడితో అయిపోయింది. లైట్లకూ ఫ్యాన్లకూ 1.5 చదరపు మిల్లీమీటర్లు, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, ఏసీకి 4 వేయించాను. పైపులో పడి ఉన్న వైరు నడిమధ్యలో కాలడం అరుదు. కాలేది దాని కొసన, సాకెట్టు స్క్రూ కింద. అక్కడికి ఎవరి చూపూ పోదు, ముందు తెల్లగా మెరిసే ప్లేటు ఉంటుంది కాబట్టి.

లెక్క చూడండి. స్క్రూ వదులై అక్కడ అర ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. పది ఆంపియర్ల కరెంటు లాగితే ఆ ఒక్క స్క్రూ దగ్గర 50 వాట్ల (10 × 10 × 0.5) వేడి పుడుతుంది. రేడియో రిపేరువాళ్లు తీగలు అతికించడానికి లోహం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి రెండు గోడలో పెట్టి మూత బిగించినట్టే. పైగా ఎంసీబీ (కరెంటు పరిమితి దాటితే తనంతట తానే ఆపేసే స్విచ్చి) పడిపోదు. లాగే కరెంటు ఏమీ పెరగలేదు కదా, దానికి తెలిసే దారి లేదు.

అందుకే ఎలక్ట్రీషియన్ బాబాయికి (మా వీధి చివర ఉంటాడు, ఊరందరికీ బాబాయే) మొదటిరోజే చెప్పాను: "ప్రతి సాకెట్టూ ప్లేటు బిగించే ముందు నన్ను పిలవండి."

"ఇంజినీరువా అమ్మా?"

"కాదు బాబాయ్, బ్యాంకులో చేస్తాను."

"అదీ సంగతి. లెక్కలు చూసేవాళ్లే ఇట్టా సతాయిస్తారు."

ఇక్కడ పని పాయింటుకు (ఒక్కో స్విచ్చికీ, సాకెట్టుకూ) ఇంత అని మాట్లాడుకుంటారు. పాయింటు లెక్కన చేసేవాడికి స్క్రూ ఇంకో చుట్టు తిప్పితే ఒరిగేదేమీ లేదు. నా వల్ల ఆలస్యమైన రోజులకు కూలీ విడిగా ఇస్తానన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను పిలవకుండా ఒక్క ప్లేటూ పెట్టలేదు.

మొదటి తగాదా బాక్సుల దగ్గరే వచ్చింది. గాడి కొట్టి ఇనుప బాక్సు కూర్చోబెట్టేటప్పుడే, ప్లాస్టరింగూ లప్పమూ అయ్యాక దాని అంచు గోడ మట్టానికి వచ్చేలా తాపీ మేస్త్రీ చూసుకోవాలి. పొడుచుకొస్తే ప్లేటు గోడకు ఆనదు, ఆ సందులోంచి చీమలు చేరతాయి. మరీ లోపలికి పోతే స్క్రూలు అందవు. పొడుగు స్క్రూలు వేసి లాగితే ఫ్రేము వంగి, ప్లగ్గు గుచ్చినప్పుడల్లా సాకెట్టు ఊగుతుంది, ఆ ఊగుడుకే వెనక వైర్లు వదులవుతాయి. హాల్లో ఒక బాక్సు బాగా లోపలికి పోతే పీకించి మళ్లీ పెట్టించాం. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. పడగ్గదుల మధ్యది నాలుగున్నర అంగుళాల గోడ, రెండు వైపులా ఒకేచోట బాక్సు వస్తే ఈ గదిలోంచి ఆ గదిలోకి కన్నమే. అందుకని ఒకదాన్ని అడుగు పక్కకు జరిపాం. బాక్సుల నోట్లో పాత పేపర్లు కుక్కకుండా మాత్రం సిమెంటు పూయనివ్వకండి, స్క్రూ మరలన్నీ పూడుకుపోతాయి.

ఇక వైరు బిగించడం. బాబాయి దగ్గరి కుర్రాడు బ్లేడుతో వైరు చుట్టూ కోసి తొక్క లాగేవాడు. తొక్కతో పాటు నాలుగు పోగులు కూడా తెగిపోయేవి. పోగులు తగ్గినంత మేరా వైరు సన్నబడినట్టే. వైర్ స్ట్రిప్పర్ కొనిచ్చాను, కుర్రాడికి అది తెగ నచ్చింది. తొక్క సుమారు సెంటీమీటరు తీస్తే చాలు. ఎక్కువ తీస్తే రాగి బయటికి కనిపిస్తుంది. తక్కువ తీస్తే అంతకంటే మోసం: స్క్రూ ప్లాస్టిక్ తొక్కను పట్టుకుని గట్టిగానే ఉంటుంది, రాగికి మాత్రం అంటీ అంటనట్టు తగులుతుంది. పోగులు మెలిపెట్టి, కొస మడిచి లోపలికి దూర్చి బిగించాక ఒక్కో వైరునూ పట్టుకుని లాగి చూశాను. ఊడి వచ్చినవీ ఉన్నాయి.

సాకెట్టుకు ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపేది) పైన, ఫేజు (కరెంటు వచ్చేది) కుడివైపు, న్యూట్రల్ (తిరిగి వెళ్లేది) ఎడమవైపు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. ఎర్త్ వైరును సాకెట్టుతో పాటు ఇనుప బాక్సుకూ బిగించాలి, చాలామంది వదిలేస్తారు. 16 ఆంపియర్ల సాకెట్టు పక్కన 6 ఆంపియర్ల స్విచ్చి పెట్టడం ఇంకో దరిద్రపు అలవాటు. ఏ దేశం ప్లగ్గయినా పడుతుందని అమ్మే సాకెట్లు షాపతను చూపించాడు కానీ తీసుకోలేదు. మన గుండ్రటి పిన్నులను గట్టిగా పట్టుకునే మామూలు మూడు కన్నాల సాకెట్టే నాకు నమ్మకం.

పాత వంటింటి బోర్డు విప్పితే, సాకెట్టులో న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపి ఉంది. ఎర్త్ లేని ఇళ్లలో చేసే దొంగపని ఇది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, ఫ్రిజ్ ఒళ్లంతా 230 వోల్టులు. "ఇది కూడా ఒక పద్ధతే కదా" అని కుర్రాడు అనబోతే బాబాయి గయ్‌మన్నాడు: "నీ ఇంట్లో చేసుకో!" పెరట్లో గుంట తవ్వించి, ఎర్త్ పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, అక్కడి నుంచి ప్రతి బోర్డుకూ ఎర్త్ లాగాం. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పెట్టె) పెట్టాం.

దాని మీదున్న టెస్టు బటన్ నొక్కితే పడిపోతుంది, నిజమే. కానీ అది చెప్పేది ఆ పెట్టె పనిచేస్తోందని మాత్రమే, సాకెట్టులో ఎర్త్ ఉందని కాదు. మల్టీమీటరు కూడా ఒక్కోసారి మోసపోతుంది. న్యూట్రల్‌తో కలిపిన దొంగ ఎర్త్ అయినా 230 చూపిస్తుంది. బాబాయి తన హోల్డరు బల్బు (హోల్డరుకు రెండు తీగలు వదిలిన బల్బు) తెచ్చి ప్రతి సాకెట్టులో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఆనించాడు. అసలైన ఎర్త్ ఉంటే ఆర్‌సీసీబీ టక్కున పడాలి. దొంగ ఎర్త్ అయితే పడదు, బల్బు హాయిగా వెలుగుతుంది. అన్నిచోట్లా పడింది. పడ్డప్పుడల్లా లోపల్నుంచి అమ్మ, "మళ్లీ తీశాడేంట్రా కరెంటు!" (ఈ పరీక్ష తెలిసినవాళ్లే చేయాలి, మీరు ప్రయత్నించకండి.)

గాడులు పూడ్చకముందే ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టుకున్నాను, పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో తెలిసేలా. మొన్న అలమర బిగించడానికి వచ్చిన వడ్రంగి డ్రిల్లు ఎత్తగానే ఆ ఫొటోలే చూపించాను. మేకు జానెడు పక్కకు జరిపాడు.