వైర్‌గార్డ్ టన్నెల్ మూడో వారం: కరెంటు పోయి వస్తే హ్యాండ్‌షేక్ ఎందుకు ఆగుతోందో దొరికింది

తెనాలిలో అమ్మావాళ్ల ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ ఉంది, దానికీ నేను అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌కీ మధ్య వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీద ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్ వేసే వీపీఎన్) నడుపుతున్నాను. ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేదు కాబట్టి హ్యాండ్‌షేక్ (రెండు వైపులా ఒకర్నొకరు గుర్తుపట్టి కనెక్షన్ కలుపుకోవడం) ఎప్పుడూ ఆ రాస్ప్‌బెర్రీ పై వైపు నుంచే మొదలవ్వాలి. పర్సిస్టెంట్ కీపలైవ్, అంటే దారి మూసుకుపోకుండా ఊరికే పంపే ప్యాకెట్, 25 సెకన్లకోసారి.

చిక్కేమిటంటే, కరెంటు పోయి వస్తే టన్నెల్ లేవదు. అరగంటో నలభై నిమిషాలో ఆగితే దానంతట అదే వస్తుంది, సర్వర్‌లో వైర్‌గార్డ్‌ని రీస్టార్ట్ చేస్తే వెంటనే వస్తుంది. అందుకే రెండు వారాలు సర్వర్‌నే అనుమానించాను.

శనివారం నాన్నకి ఫోన్ చేసి రాస్ప్‌బెర్రీ పై స్విచ్ ఆపి మళ్లీ వేయించి, ఇటు సర్వర్‌లో వచ్చేపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టుకుని కూర్చున్నాను. వైర్‌గార్డ్ వినే యూడీపీ పోర్టు 51820కి దాదాపు 5 సెకన్లకోసారి 148 బైట్ల ప్యాకెట్ వస్తోంది, అంటే హ్యాండ్‌షేక్ మొదటి మెసేజ్ చేరుతోంది. బదులు వెళ్లాల్సిన 92 బైట్ల ప్యాకెట్ మాత్రం లేదు. నమ్మని ప్యాకెట్‌కి వైర్‌గార్డ్ ఎర్రర్ కూడా పంపదు, పోర్టులు వెతికేవాళ్లకి అక్కడ ఏదో ఉందని తెలియకూడదని.

కీలు మళ్లీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి. ఇందులో వెబ్‌సైట్లు వాడే టీఎల్ఎస్ లాగా సర్టిఫికెట్ ఇచ్చే మూడోవాళ్లు ఉండరు, ఒకరి పబ్లిక్ కీ ఇంకొకరి కాన్ఫిగ్‌లో మనమే రాస్తాం. అయితే కీ ఒక్కటే చాలదు. ఆ 148 బైట్లలో ఎన్‌క్రిప్ట్ చేసిన టైమ్‌స్టాంప్ కూడా ఉంటుంది, సర్వర్ ఒక్కో పీర్ (అవతలి మెషీన్) నుంచి వచ్చిన వాటిలో అన్నిటికంటే కొత్త టైమ్‌ని మెమరీలో ఉంచుకుని, దానికంటే ముందుకి లేనిది వస్తే పడేస్తుంది. దారిలో ఎవరైనా పాత ప్యాకెట్ పట్టుకుని మళ్లీ పంపినా పని జరగదు. ఎంత చక్కటి ఏర్పాటో!

పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చాక గంటకోసారి సేవ్ అయ్యే పాత టైమ్‌తో లేస్తుంది, ఎన్‌టీపీతో (నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే పద్ధతి) సరిచేసుకుందామంటే నేను అలౌడ్‌ఐపీస్‌లో (ఏ అడ్రస్‌లకి వెళ్లేది టన్నెల్‌లోంచి పోవాలో చెప్పే లైను) అన్నిటికీ అని 0.0.0.0/0 రాశాను, అంటే టైమ్ అడగడానికి కూడా ఇంకా లేవని టన్నెల్‌లోంచే వెళ్లాలి! గడియారం నడిచి నడిచి పాత హ్యాండ్‌షేక్ టైమ్ దాటాకే సర్వర్ ఒప్పుకునేది. రీస్టార్ట్ చేస్తే మెమరీలోది పోతుంది కాబట్టి అప్పుడు వెంటనే ఒప్పుకునేది.

ముందు అలౌడ్‌ఐపీస్‌ని టన్నెల్ లోపలి అడ్రస్‌లైన 10.8.0.0/24కి తగ్గించాను, దాంతోనే సమస్య దాదాపు పోయింది. ఆదివారం వెళ్లి డీఎస్3231 గడియారం మాడ్యూల్ కూడా పెట్టాను, నాలుగు వైర్లు, ఒక బటన్ సెల్, బూట్ కాన్ఫిగ్‌లో ఆ మాడ్యూల్ ఉందని చెప్పే ఓవర్‌లే లైను ఒకటి. అయిదుసార్లు స్విచ్ ఆపి చూశాం, పై బూట్ అయిన కొన్ని సెకన్లకే ప్రతిసారీ 92 బైట్లు వెళ్లాయి.

వచ్చే వారం ప్రీషేర్డ్ కీ (రెండు వైపులా ముందే పెట్టుకునే అదనపు రహస్య కీ) కలుపుతాను.