మక్కచేన్ల కోతులు, పావు నిమిషం గళ్లు

వరంగల్ పల్లెల్లో మక్కచేన్ల మీద పడే కోతులపై ప్రాజెక్టు చేసేవాళ్లు కోతి తింటోందో లేదో గుర్తించడానికి ముందుగా 15 సెకన్లకో గడి చొప్పున షీటు గీసుకుంటారు. ఆ గడిలో టిక్కు ఎప్పుడు పెట్టాలన్నది మాత్రం తేల్చుకోరు. మధ్యలో కాసేపు తిన్నా పెట్టాలా (వన్-జీరో పద్ధతి), గడి పొడవునా తింటేనే పెట్టాలా, గడికోసారి టైమర్ బీప్ మోగిన క్షణాన తింటుంటేనే పెట్టాలా?

పది నిమిషాలకు 40 గళ్లు. ఒక కోతి ఎడం ఎడంగా ఐదుసార్లు, ఒక్కోసారి 20 సెకన్లు కంకి తిన్నదనుకోండి. అసలు లెక్క 600 సెకన్లలో 100, అంటే దాదాపు 17 శాతం. వన్-జీరోలో ఒక్కో విడతకు రెండు మూడు గళ్లు పడతాయి కాబట్టి 25 నుంచి 37.5 శాతం వస్తుంది. గడి పొడవునా అంటే విడతకు ఒకటి పడితే పడుతుంది, లేకపోతే లేదు: 12.5 దాటదు. బీప్‌తో 12.5 నుంచి 25, సగటున అసలు లెక్కే. వన్-జీరో అంకె ఎన్నిసార్లో చెప్పదు, ఎంతసేపో చెప్పదు. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త జీన్ ఆల్ట్‌మన్ 1974లోనే ఈ అభ్యంతరం చెప్పినా రిపోర్టుల్లో ఆ అంకె ఇంకా ‘సమయం’ పేరుతోనే కనిపిస్తుంది.

బీప్‌ను నిమిషానికొకటి చేస్తే సగటు చెడదు గానీ ఊగిసలాట పెరుగుతుంది: ఐదు విడతలూ తప్పిపోవచ్చు, ఐదూ చిక్కొచ్చు. నిమిషాల తరబడి పేలు చూసుకోవడానికి అది చాలు. కంకి విరవడం రెండు మూడు సెకన్ల పని, దానికి ఏ గడీ పనికిరాదు; జరిగినప్పుడల్లా టైముతో రాసుకోవాల్సిందే.

‘తినడం’ అంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి. కోతి గింజల్ని చెంపసంచిలో కుక్కుకొని చెట్టెక్కుతుంది, అక్కడ చేతి వెనకవైపుతో చెంప నొక్కుతూ నములుతుంది. ఇద్దరు చూస్తే ఒకరు దాన్ని తిండి అంటారు, ఇంకొకరు విశ్రాంతి అంటారు.

గుంపు మొత్తాన్ని చూసేటప్పుడు ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో పోవాలి, లేకుంటే కన్ను కొట్లాట మీదికే పోతుంది. ‘కనబడలేదు’కు వేరే కోడ్ పెట్టి మొత్తంలోంచి తీసేస్తారు, మంచిదే. కానీ ఏపుగా ఎదిగిన చేనులో కనబడనివే ఎక్కువగా తింటుంటాయి. అక్కడ తిండి శాతం ఎంత తీసేసినా తక్కువే వస్తుంది.

ఇద్దరి షీట్లు 80 శాతం కలిశాయని సంబరపడొద్దు. 40 గళ్లలో ఒకరు నాలుగు, ఇంకొకరు వేరే నాలుగు టిక్కు పెట్టినా ఖాళీ గళ్ల పుణ్యాన 32 కలుస్తాయి. కాకతాళీయంగా కలిసేదాన్ని తీసేసి చూసే కొలమానం కోహెన్ కప్పా వేస్తే సున్నా కిందికి, మైనస్ 0.11కు దిగుతుంది.