అరవై మూడో పువ్వు

అమ్మ పెళ్లికి తాతగారు నరసాపురంలో కొన్న లేసు బల్లగుడ్డ ఇప్పుడు నా దగ్గర ఉంది. అడ్డం ఏడు, నిలువు తొమ్మిది, మొత్తం అరవై మూడు పువ్వులు. ఒక్కో పువ్వుకు పన్నెండు రేకులు. పండగలకూ, పెళ్లిచూపులకూ మాత్రమే అమ్మ దాన్ని బయటికి తీసేది. కిందటి దసరాకు ట్రంకు పెట్టె తెరిచి మడత విప్పబోతే, మూలనున్న పువ్వు ఊడి నా అరచేతిలోకి వచ్చింది. పెట్టె అడుగున తుప్పు పట్టి, ఆ మరక సరిగ్గా ఆ మూలకే అంటుకుంది. తుప్పు తగిలిన నూలు క్రమంగా బలం కోల్పోతుంది. పువ్వు మధ్యభాగం వేళ్ల మధ్య పొడిపొడి అయింది.

నాకు లేసు అల్లడం వచ్చు. అమ్మే నేర్పింది. కాబట్టి ఆ పువ్వును నేనే అల్లి పెడదామని కూర్చున్నాను. నాలుగుసార్లు అల్లాను, నాలుగుసార్లూ పెద్దదయింది. కుట్లు లెక్కపెడితే సరిగ్గానే ఉన్నాయి. సూది మార్చినా, సన్నని దారం తెచ్చినా ఆ పొందిక రాలేదు. తేడా చేతి బిగువులో ఉందని నెమ్మదిగా అర్థమయింది. అమ్మ ఉంటే అడిగేదాన్ని. ఆవిడ లేదు కనుక, ఆ గుడ్డ పుట్టిన ఊరికే దాన్ని తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను.

జనవరి మొదటి వారంలో సికింద్రాబాదులో రాత్రి రైలెక్కాను. తెల్లవారేసరికి భీమవరం దాటుతున్నాం. కిటికీకి రెండు వైపులా చేపల చెరువులు, వాటి గట్ల మీద కొబ్బరిచెట్లు, వాటి మీద మంచు. పాలకొల్లు తర్వాత పెట్టె సగం ఖాళీ అయింది. నరసాపురం ఆ దారిలో చివరి స్టేషను. అక్కడితో పట్టాలు ఆగిపోతాయి, ఆ తర్వాత వశిష్ఠ గోదావరి. స్టేషను బయట వేడి వేడి దిబ్బరొట్టె, చెరకు పానకంతో తిన్నాను. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండే ఆ రొట్టె కోసమైనా మళ్లీ ఆ ఊరు వెళ్లవచ్చు.

నా స్నేహితురాలి మేనత్త మొగల్తూరు వెళ్లే దారిలో ఒక పల్లెలో ఉంటారు. ఆటో దిగేసరికి ఆవిడ వాకిట్లో నిలబడి ఉన్నారు. ధనుర్మాసం కదా, వాకిలి నిండా ముగ్గు, దాని మధ్యలో గొబ్బెమ్మలు. "ముందు స్నానం చేసి ఇంత తినమ్మా. మా వాళ్లు మధ్యాహ్నం దాకా సూది పట్టుకోరు" అన్నారు.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. వంటలు, అంట్లు, పశువుల పని అన్నీ అయ్యాక, ఒంటిగంట దాటాక, ఆ వీధి అరుగు మీదికి ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ మూతలేని స్టీలు డబ్బా, అందులో దారపు ఉండ. ఉండ నేల మీద దొర్లితే దారం మాసిపోతుంది కనుక డబ్బాలోనే తిరుగుతుంది. దారం డబ్బాలోంచి లేచి, ఎడమచేతి చూపుడువేలు మీదుగా సాగి, కుడిచేతిలోని కొక్కెం సూదికి అందుతుంది. ఆ చూపుడువేలు పక్కన అందరికీ సన్నని గాడి పడి ఉంది. అమ్మ వేలికీ ఉండేది. చిన్నప్పుడు అది కత్తిపీట గాటు అనుకునేదాన్ని.

ఇక్కడి వాళ్లు పనిని రెండుగా చెబుతారు. పువ్వులు, ఆకులు, చక్రాలు విడివిడిగా అల్లడం చేతిపని. వాటిని ఒకదానితో ఒకటి కలిపి గుడ్డ చేయడం అతుకుపని. ఒక్కరే రెండూ చేయడం తక్కువ. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లిన పువ్వులు లెక్కపెట్టుకుని తీసుకెళతాడు. ఆ పువ్వులు మరో ఊళ్లో మరో అరుగు మీదికి చేరతాయి. అక్కడ అతికిన గుడ్డను ఉతికి, చలువచేసి, గంజి పెట్టి, నాలుగువైపులా లాగి గుండుసూదులతో బిగించి ఆరబెట్టేది ఇంకొకరు. తర్వాత అది ఇంగ్లండుకో, అమెరికాకో, ఫ్రాన్సుకో వెళ్లిపోతుంది.

అతుకుపని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ల కళ్లు ఎప్పుడూ పువ్వుల మీదే ఉంటాయి. మా గుడ్డలో ఒక్కో పువ్వు పక్క పువ్వుతో రెండు రేకుల దగ్గర కలుస్తుంది. అరవై మూడు పువ్వులకు అలాంటి కలయికలు రెండు వందల ఇరవై. నాలుగు పువ్వులు కలిసిన చోట నడుమ ఖాళీ మిగులుతుంది. అలాంటి ఖాళీలు నలభై ఎనిమిది, ఒక్కోదానిలో చిన్న చుక్కపువ్వు. దాన్ని నాలుగు వైపులా పట్టి ఉంచాలి, అంటే ఇంకో నూట తొంభై రెండు. ఈ నాలుగు వందల పన్నెండు అతుకుల్లో ఒక్కటి బిగిసినా గుడ్డ ముడుచుకుంటుంది, ఒక్కటి వదులైనా అక్కడ జారుతుంది. బల్ల మీద పరిచినప్పుడు నీళ్లలా సమంగా నిలిచే ఆ గుణం అతికినవాళ్లు ఇచ్చింది.

ఈ అల్లిక ఈ ప్రాంతానికి 1844లో క్రైస్తవ మిషనరీలతో వచ్చిందని చెబుతారు. నేర్చుకున్నది మాత్రం ఇక్కడి ఆడవాళ్లు. 1899 నాటి కరువునూ, 1929 నాటి ఆర్థికమాంద్యాన్నీ దాటుకుని వాళ్లే దాన్ని నిలబెట్టారు. ఇప్పుడు పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాల్లో ఈ పని ఉంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు అల్లికకే చెందుతుందన్న అధికారిక ముద్ర. ఆ వార్త చదివిన రోజు నేను చాలా సంతోషించాను. కానీ ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు ఇంకో విషయం గుర్తుకొచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడి లేసు పనివారిని అధ్యయనం చేశారు. ఇంట్లో కూర్చుని చేస్తారు కనుక దీన్ని తీరిక వేళ కాలక్షేపంగా, చేసేవాళ్లను గృహిణులుగా మాత్రమే లెక్కగట్టారనీ, అందుకే కూలి అంత తక్కువగా ఉండిపోయిందనీ ఆవిడ చూపించారు. ఆ మాట అన్నాక నలభై ఏళ్లు దాటింది. అరుగు మీద నేను అడిగిన కూలి లెక్క విన్నాక, ఆ మాట ఇంకా పాతబడలేదని నాకు తోచింది. యంత్రం మీద నేసిన చవక లేసు చైనా నుంచి వచ్చి పోటీ పడుతోంది. అచ్చమైన క్రోషా కుట్టు, అంటే ఈ కొక్కెం సూది అల్లిక, వేసే యంత్రం మాత్రం వాడుకలోకి రాలేదు. కొక్కెం ప్రతి కుట్టుకూ ఎక్కడ దూరాలో వేలు తడిమి చెప్పవలసిందే.

నా సంచీలోంచి గుడ్డ తీసి చాప మీద పరిచాను. మాటలు ఆగిపోయాయి. అందరిలో పెద్దావిడను మామ్మగారు అని పిలుస్తున్నారు, డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్లద్దాలు సర్దుకుని, గుడ్డ మీద వేళ్లు పెట్టారు. కళ్లతో కాదు, వేళ్లతోనే చూశారు. మొదటి వరస చివరిదాకా వెళ్లి, రెండో వరస సగంలో ఆగారు.

"ఇక్కడ చేయి మారింది" అన్నారు.

నేను వంగి చూశాను. నాకేమీ కనిపించలేదు. ఆవిడ నా వేలు పట్టుకుని పెట్టించారు. ఈ వైపు రేకు అంచు కాస్త గట్టిగా, ఆ వైపు రేకు కాస్త మెత్తగా. ఒక్కసారి తెలిశాక ఇక దాగదు. సాయంత్రంలోగా ఆ అరుగు మీదివాళ్లంతా కలిసి నాలుగు చేతులు తేల్చారు. గట్టి చేయి, మెత్తని చేయి, రేకు కొనను కొంచెం సాగదీసే చేయి, చివర ముడిని అందరికంటే చిన్నగా వేసే చేయి. అతికిన చేయి మాత్రం ఒక్కటేనట. నలభై ఏళ్లుగా నా కళ్ల ముందున్న గుడ్డను నేను ఒకే వస్తువుగా చూశాను. అందులో కనీసం ఐదుగురు కూర్చుని ఉన్నారు.

"నేను తొమ్మిదో ఏట సూది పట్టాను. ఎన్ని వేల పువ్వులు అల్లానో లెక్క లేదు. ఒక గుడ్డ మొత్తంగా ఇలా పరిచి ఉండగా చూడడం ఇదే మొదలు" అన్నారు మామ్మగారు. ఆవిడ గొంతులో ఫిర్యాదు లేదు. నాకు మాత్రం నోట మాట రాలేదు. పువ్వు అల్లినవాళ్లకు తమ పువ్వు చేరిన చోటు చూసే హక్కు ఉందని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

మామ్మగారి మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి ఫోనులో వీడియోలు చూసి దారంతో చిన్న బొమ్మలు అల్లడం నేర్చుకుంది. ఏనుగు, తాబేలు, రెండు జడల పిల్ల. వాటిని తానే ఫొటోలు తీసి పెట్టి, తానే అమ్ముకుంటోంది. అరుగు మీద కొందరికి అది లేసే కాదని అభిప్రాయం. మామ్మగారు తాబేలును చేతిలోకి తీసుకుని, కిందినుంచి పైకి వరసలు లెక్కపెట్టి, "ఆరు కుట్లతో మొదలుపెట్టి వరసకు ఆరు పెంచుకుంటూ పోయిందిగా. మనం చక్రం అల్లే లెక్కే, పెంచడం ఆపేసరికి గిన్నె అయింది" అన్నారు. అక్కడికి ఆ వాదన ముగిసింది. నేను నా సంచీలోంచి ఊలు టోపీ, మా అక్క మనవడికి అల్లిన దుప్పటి అంచు తీశాను. దుప్పటి అంచు చేతులు మారుతూ అరుగు చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చేలోగా ఇద్దరి సూదుల మీద దాని నకలు మొదలయింది. కాగితం మీద గీయడం, రాసుకోవడం లేదు. మచ్చు చేతికొస్తే చాలు, కుట్లు వాళ్లకు అక్షరాల్లా కనిపిస్తాయి. బదులుగా నాకు మూడు మచ్చులు ఇచ్చారు: ద్రాక్షగుత్తి, చిలక, మామిడి పిందె అంచు. ఇంతకంటే మంచి కానుక ఏ ప్రయాణంలోనూ నాకు దక్కలేదు.

ఇక ఊడిన పువ్వు సంగతి. నేను అల్లుతుంటే మామ్మగారు పక్కన కూర్చుని చూశారు. రెండో వరసలోనే పట్టుకున్నారు. "దారాన్ని వేలికి రెండు చుట్లు చుడుతున్నావు. ఒక్క చుట్టే వేసి చిటికెన వేలితో ఆపు" అన్నారు. అమ్మ రెండు చుట్లే నేర్పింది, అది ఊలు పనికి సరిపోయే పద్ధతి. ఒక చుట్టుకు మార్చాక దారం జారినట్టే జారి, సరిగ్గా అవసరమైన చోట ఆగింది. ఐదో పువ్వు, ఆరో పువ్వు అల్లాను. ఆరోది పాత పువ్వు మీద పెడితే అంచుకు అంచు సరిపోయింది. అయినా గుడ్డలోకి మామ్మగారు అల్లిన పువ్వే కావాలని అడిగాను. ఆవిడ ఒప్పుకుని, "అతుకు మాత్రం నువ్వే వేయాలి" అన్నారు.

మూల పువ్వుకు పక్కవాళ్లు ఇద్దరే. అంటే నాలుగు అతుకులు, చుక్కపువ్వుతో కలిసేది ఒకటి, మొత్తం ఐదు. రెండు రేకుల కొనల్లోంచి కొక్కెం ఒకేసారి దూర్చి, దారాన్ని లాగి, ముడి వేయాలి. ఐదింటికీ అరగంట పట్టింది. మూడోది రెండుసార్లు విప్పించారు. కొత్త పువ్వు తెల్లగా, మిగతా గుడ్డ మీగడ రంగులో ఉంది. టీ డికాక్షనులో ముంచితే రంగు కలిసిపోతుందని మనవరాలు చెప్పింది. వద్దన్నాను. అది ఎవరు అల్లారో నాకు కనిపిస్తూ ఉండాలి.

గుడ్డను ఎలా దాచాలో కూడా అక్కడే అడిగాను. గంజితో పెట్టెలో పెట్టకూడదు, పురుగు వస్తుంది. ఉతికి, గంజి పూర్తిగా వదిలించి, పాత నూలు చీరలో చుట్టి, ఇనుముకు దూరంగా పెట్టాలి. ఏటా ఒకసారి తీసి మడత మార్చాలి.

మర్నాడు సాయంత్రం రైలుకు ఇంకా సమయం ఉండగా మాధవాయిపాలెం రేవుకు వెళ్లాను. పంటు (నది దాటించే పెద్ద బల్లకట్టు పడవ) మీద మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, అంతర్వేది వెళ్లే యాత్రికులు సఖినేటిపల్లి వైపు దాటుతున్నారు. 17వ శతాబ్దంలో ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఈ ఊరి పేరే ఇంగ్లీషువాళ్ల నోట మాదపొల్లం అయి, ఒక రకం మెత్తని నూలుగుడ్డకు పేరుగా ప్రపంచమంతా తిరిగింది. గుడ్డకు ఊరి పేరు దక్కింది, నేసినవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు. పంటు వెళ్లి, తిరిగి వచ్చేదాకా ఒడ్డునే నిలబడ్డాను.

ఇంటికి చేరిన రోజే గుడ్డను భోజనాల బల్ల మీద పరిచి ఫొటో తీసి మనవరాలి ఫోనుకు పంపాను. పది నిమిషాలకు జవాబుగా గొంతు వచ్చింది, మామ్మగారిది. "బాగుందమ్మా. కానీ ఆ మూల గోడ వైపు పోయింది. గుడ్డ ఇటు తిప్పి ఇంకొకటి తీసి పంపు, అరుగు మీద అందరూ చూస్తామంటున్నారు."