మా ఎం.పీ.లు అంతకుముందు ఏం చేసేవారు?

ఒడిశాలోని బరంపురంలో కోర్టుకు దగ్గర్లో నాకు చిన్న జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా అఫిడవిట్లు టైపు చేయడమే నా బతుకుదెరువు. పేరు మార్పు, పోయిన మార్కుల మెమో, పెన్షన్, ఏ కాగితమైనా సరే, పేరూ తండ్రి పేరూ అయ్యాక వృత్తి రాయాలి. మా వీధిలో ఎక్కువమంది పట్టు నేసే దేవాంగులు. "వృత్తి ఏం రాయమంటారు?" అని అడిగితే క్షణం కూడా ఆలోచించరు. "మగ్గం పనని రాయి బాబూ" అంటారు. అదే టైపు చేస్తాను.

కిందటి ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఎదురింటి అమ్మాయి స్కూలు ప్రాజెక్టు ప్రింటు కోసం వచ్చింది. తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. "మన లోక్‌సభ సభ్యుడు" అన్నది టాపిక్. పేరు, పార్టీ, వచ్చిన ఓట్లు, ఒక ఫొటో పెట్టుకుంది. ప్రింటు వస్తుండగా అడిగింది.

"మావయ్యా, ఎం.పీ. అవ్వాలంటే ఏం చదవాలి?"

"చదువు రూలేమీ లేదమ్మా. మన దేశస్థుడై, ఓటరై, పాతికేళ్లు నిండితే చాలు."

"అయితే మన ఎం.పీ.లంతా అంతకుముందు ఏం పని చేసేవారు?"

మొదటి జవాబు రాజ్యాంగం 84వ అధికరణంలో, ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉన్నదే. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 1989లో. ఆ ఏడాదే నాకు పద్దెనిమిది నిండాయి, ఆ ఎన్నికల్లోనే మొదటి ఓటు వేశాను. అప్పటినుంచి పది లోక్‌సభ ఎన్నికలు, ఒక్కటీ మానలేదు. ఎవరి వెనక ఏ పార్టీ ఉందో చెప్పగలను కానీ, వాళ్లు ఏ దారిలో అక్కడిదాకా వచ్చారో చెప్పలేకపోయాను. అందరికీ వృత్తి టైపు చేసే నాకు ఆ రాత్రి ఇది చాలాసేపు గుచ్చుకుంది. పదేసి నిమిషాలు కూర్చుంటే అయిపోయే పని అనుకుని మొదలుపెట్టాను. మూడు వారాలు పట్టింది.

ముందు పేర్ల లిస్టు కావాలి. లోక్‌సభ వెబ్‌సైట్‌లో పాత సభ్యుల వివరాలు ఉంటాయి, కాకపోతే సంవత్సరం కొడితే రావు, ఎన్నో లోక్‌సభో తెలియాలి. 1989ది తొమ్మిదో లోక్‌సభ, 2024ది పద్దెనిమిదోది. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉంటుంది. స్పెల్లింగు కూడా మనం రాసేలాగే ఉండాలని లేదు, గజపతి అన్న పేరును రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ముందు పాత పుస్తకంలో ఒక పేజీ తీసి, ఎన్నికల సంవత్సరం పక్కన లోక్‌సభ నంబరు రాసుకోండి. నాకు రెండు సాయంత్రాలు అక్కడే పోయాయి.

పది ఎన్నికలకు తేలింది ఏడుగురు. 1989, 1991 రెండుసార్లూ గోపీనాథ్ గజపతి. 1996లో పి.వి. నరసింహారావు. 1998లో జయంతీ పట్నాయక్. 1999లో అనాది సాహు. 2004లో చంద్రశేఖర్ సాహు, కాంగ్రెస్ తరఫున. 2009, 2014లో సిద్ధాంత్ మహాపాత్ర. 2019లో మళ్లీ చంద్రశేఖర్ సాహు, ఈసారి బీజేడీ (బిజూ జనతాదళ్) నుంచి. 2024లో ప్రదీప్ కుమార్ పాణిగ్రాహి.

చార్టుగా వరసగా రాసుకుని చూస్తే ఆశ్చర్యం వేసింది. ఒక్క నియోజకవర్గానికి పర్లాకిమిడి రాజవంశీకుడు, మాజీ ప్రధాని, జాతీయ మహిళా కమిషన్ మొట్టమొదటి అధ్యక్షురాలు, పోలీసు అధికారిగా పనిచేసినాయన, ఒడియా సినిమా హీరో, ఇంతమంది! గజపతిగారి తాత కృష్ణచంద్ర గజపతి, 1936లో ఒడిశా వేరే ప్రావిన్సు కావడానికి పాటుపడినవాడు, దాని మొదటి ప్రధానమంత్రి (అప్పట్లో ప్రావిన్సు ముఖ్యమంత్రిని అలాగే అనేవారు). ఆ తర్వాత రెండు తరాలకు ఆ ఇంటి మనవడికి అదే ప్రాంతం ఓటేసింది. తాత పేరు ఎంత పనిచేసిందో, మనవడి సొంత పని ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం. మా నాన్న మాత్రం "రాజుగారింటివాళ్లు" అనే ఓటేశాడు, నాకు బాగా గుర్తు.

పి.వి. దగ్గర ఆగిపోయాను. మా తెలుగువాళ్లలో ఆయన పేరు చెప్పగానే ఒక చనువు వస్తుంది. వీధి చివర అరుగు మీద కూర్చునే పెద్దాయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయినాయన, "మన ఊరినుంచి గెలిచే ప్రధాని అయ్యాడు" అని గట్టిగా అన్నారు. తేదీలు పెట్టి చూస్తే కుదరలేదు. ఆయన ప్రధాని అయింది 1991 జూన్‌లో, సభ్యుడు కాకుండానే. తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. 1996లో నంద్యాల, బరంపురం రెండుచోట్లా నిలబడి రెండూ గెలిచి, నంద్యాల వదులుకుని మాది ఉంచుకున్నారు. అప్పటికి ప్రధాని పదవి పోయింది. అంటే మా ఊరు ప్రధానిని తయారుచేయలేదు, దిగిపోయిన ప్రధానికి చోటిచ్చింది. పెద్దాయన కాగితం దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివి, "సరే, అలాగే రాయి" అన్నారు.

ఆయన దారి రాయడానికే ఒక పేజీ పట్టింది. లా చదువు, 1957 నుంచి మంథని ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి, 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. హనుమకొండ నుంచి లోక్‌సభ, తర్వాత మహారాష్ట్రలో రామ్‌టెక్ నుంచి రెండుసార్లు, తర్వాత నంద్యాల, చివరికి బరంపురం. మూడు రాష్ట్రాల్లో నాలుగు నియోజకవర్గాలు. తెలుగు మాట్లాడేవాళ్లున్న సరిహద్దు ఊళ్లో ఆయనకు ఓట్లు పడటంలో వింత లేదు. అయినా ఆయన వచ్చింది ఇక్కడ పని చేసి కాదు, పేరుతో. ఇది నాకు నచ్చినా నచ్చకపోయినా చార్టులో అలాగే రాశాను.

2004 తర్వాతవాళ్లకు పని తేలికైంది, ఎందుకంటే అక్కడినుంచి అఫిడవిట్లు ఉన్నాయి. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాకే అభ్యర్థి చదువు, ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పడం తప్పనిసరైంది. ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో స్కాన్ చేసి పెడతారు. తెరిచి చూస్తే నా షాపులో రోజూ తయారయ్యే కాగితమే! పేజీ పేజీకి సంతకం, నోటరీ గుండ్రటి సీలు, ఒరిగిపోయిన స్కాను, అక్కడక్కడా చేత్తో దిద్దిన అంకె. ఎం.పీ. కాగితం కూడా మా మగ్గం మనిషి కాగితంలాగే ప్రమాణం చేసి ఇవ్వాల్సిందేనన్నది చూస్తుంటే చాలా సంతోషం వేసింది.

ఖాళీలు వదలకూడదన్న నియమం కూడా ఉంది. 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, ఏ గడీ ఖాళీగా వదిలినా నామినేషన్ తిరస్కరించవచ్చని. లేకపోతే "లేదు" అనైనా రాయాలి. 2018 నుంచి అభ్యర్థికి, భార్యకు లేదా భర్తకు ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో కూడా చెప్పాలి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన గడి. ఎందుకంటే "వృత్తి" దగ్గర చాలామంది దేశమంతటా రాసేది "రాజకీయ, సామాజిక కార్యకర్త" లేదా "వ్యవసాయం". మొదటి లోక్‌సభలో లాయర్లు ఎక్కువగా ఉండేవారు. ఇప్పుడు ఈ రెండు మాటలే ఎక్కువ. సమాజసేవ తప్పని నేననను. కానీ సేవ చేసే మనిషి ఇల్లు దేనితో నడుస్తుందో ఓటరుకు తెలియాలి. మా వీధిలో ఎవరైనా "సేవ" అని వృత్తి రాయమంటే "జీతం ఎక్కడిది బాబూ?" అని నేనే అడుగుతాను, అడక్కపోతే నోటరీ అడుగుతాడు.

ఇందులో నేను ఒక పెద్ద తప్పు చేశాను, చెప్పి తీరాలి. మొదటి చార్టులో ఇద్దరు సాహుల వివరాలు కలిసిపోయాయి. 1999లో గెలిచి, అంతకుముందు ఐ.పి.ఎస్.లో పనిచేసినాయన అనాది సాహు. 2004లో గెలిచి కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ సహాయమంత్రి అయినాయన చంద్రశేఖర్ సాహు. ఒకరి ఉద్యోగం ఇంకొకరి పేరు కింద టైపు చేసి లామినేషన్ కూడా చేసేశాను. పట్టుకున్నది ఆ పోస్టాఫీసు పెద్దాయనే. "పోలీసాయన ఈయన కాదురా" అని వేలు పెట్టి చూపించారు. లామినేషన్ కోసి తీసేయడానికి వీల్లేదు, మొత్తం మళ్లీ చేయాలి. అప్పటినుంచి ఒక్కో వరసకు రెండు చోట్ల చూసి, రెండూ కలిస్తేనే టైపు చేశాను.

ప్రదీప్ పాణిగ్రాహిది మరో రకం దారి. గోపాలపూర్ నుంచి మూడుసార్లు ఎమ్మెల్యే, బీజేడీ ప్రభుత్వంలో మంత్రి, తర్వాత ఆ పార్టీ బహిష్కరించాక 2024లో బీజేపీ టికెట్ మీద లోక్‌సభకు. అసెంబ్లీ మెట్టు ఎక్కి పార్లమెంటుకు వెళ్లడానికి ఇది సూటి ఉదాహరణ. సిద్ధాంత్ మహాపాత్ర నేరుగా తెర మీదనుంచి వచ్చారు. మా షాపు గోడకు ఆయన సినిమా పోస్టరు అంటించి ఉండేది, 2009లో అదే గోడ మీద ఆయన ఎన్నికల పోస్టరు పడింది.

పని అయిపోతుందనగా ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. "మావయ్యా, గిరి రోడ్డు అంటే ఏ కొండ పేరు?"

కొండ కాదమ్మా, మనిషి. వరాహగిరి వెంకటగిరి, 1894లో మన ఊళ్లోనే పుట్టారు. ఖళ్లికోట కాలేజీలో చదివి, ఐర్లండ్ వెళ్లి లా చదివారు. అక్కడి ఉద్యమంతో దగ్గరి సంబంధాలవల్ల 1916లో వెనక్కి రావలసి వచ్చింది. లాయరు పని మొదలుపెట్టి రైల్వే కార్మికుల వైపు వెళ్లిపోయారు. మన స్టేషను మీదుగా పోయే లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1928లో ఉద్యోగాలు పోయిన ఆ కార్మికుల కోసం సమ్మె నడిపారు. 1952లో లోక్‌సభకు గెలిచింది మాత్రం బరంపురం నుంచి కాదు, పర్లాకిమిడి పక్కనే ఉన్న పాతపట్నం నుంచి. కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవి వదిలేశారు. 1957లో ఓడిపోయారు. తర్వాత గవర్నరు, ఉపరాష్ట్రపతి, 1969లో రాష్ట్రపతి.

ఈ వరస చెబుతుంటే ఆ అమ్మాయి పెన్ను ఆపి, "మంత్రి పదవి వదిలేశారా, తనే?" అంది. అవునన్నాను. తన నోట్సులో ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది. మనిషి చేసిన పనికి, తర్వాత తీసుకున్న నిర్ణయానికి సంబంధం ఉందని నాకు అంత స్పష్టంగా కనబడింది అక్కడే. కార్మికుల మధ్య ముప్పై ఏళ్లు గడిపినాయన కాబట్టే కార్మికుల తీర్పు మార్చినప్పుడు కుర్చీలో ఉండలేకపోయారు. అందుకని ఏడుగురి పైన, మా నియోజకవర్గం కాకపోయినా, ఎనిమిదో వరసగా గిరిగారిని పెట్టాను.

చార్టు ఇప్పుడు మా వీధి గుడి మంటపంలో ఉంది. తెలుగులో, ఒడియాలో పక్కపక్కన. పిల్లలకు తెలుగు మాట వచ్చు కానీ అక్షరం తడబడుతుంది, అందుకే రెండూ. నాలుగు గడులు పెట్టాను. పుట్టిన ఊరు, చదువు, మొదటిసారి గెలిచేముందు ఏ పనితో బతికారు, ఎన్ని మెట్లు ఎక్కి లోక్‌సభకు వెళ్లారు. మూడో గడి అన్నిటికంటే వెడల్పుగా గీశాను.

రాయగడలో ఉన్న మా బావమరిది ఫొటో చూసి ఫోన్ చేశాడు. "బావా, మా కోరాపుట్‌ నియోజకవర్గానికి కూడా చెయ్యి." అక్కడ గిరిధర్ గమాంగ్ ఒక్కరే తొమ్మిదిసార్లు గెలిచారు. 1999లో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎం.పీ.గా వెళ్లి ఓటేసింది ఆయనే, ఒక్క ఓటు తేడాతో వాజపేయి ప్రభుత్వం పడిపోయిన రోజున. ఇప్పుడున్న సప్తగిరి ఉలక ఇంజినీరింగ్ చదివినాయన, తండ్రి ఎన్నోసార్లు ఎమ్మెల్యే. ఈ ఆదివారం రాయగడ వెళ్తున్నాను. ఎదురింటి అమ్మాయి వాళ్ల నాన్నను ఒప్పించింది, తనూ వస్తోంది. స్కాను చేయడానికి ఫోను, రాసుకోవడానికి రెండు పుస్తకాలు సర్దుకుంది.