బూజు దులపని వసారా

హనుమకొండలో మా ఇల్లు 200 గజాలు. ఇల్లు కట్టగా వెనక మిగిలిన కాస్త నేలే మా పెరడు. ఒక కరివేపాకు, ఒక నిమ్మ, రెండు మందారాలు, గోడ మీదికి పాకిన రాధామనోహరం. అంతే. 2023 వానాకాలంలో కరివేపాకుకు పురుగు పడి, వారం తిరక్కుండా ఈనెలు మిగిలాయి. "రెండు రెబ్బలు తెమ్మంటే పుల్లలు తెస్తివేంది బిడ్డా" అంది అత్తమ్మ. నాకు ఉక్రోషం వచ్చి, పురుగుమందు తెచ్చి కొట్టేశాను.

తెల్లారి చూస్తే పురుగులు రాలి ఉన్నాయి. వాటితో పాటు రెండు అక్షింతల పురుగులు, బోలెడు చీమలు, మందారం కింద ఒక తేనెటీగ. తర్వాత చిగురు వేసింది కానీ, మందు కొట్టిన చెట్టు ఆకు చారులో వేయడానికి మనసొప్పలేదు. కొన్నాళ్లు బజారు కరివేపాకే కొన్నాం. మరి ఆ మందు ఎవరి కోసం కొట్టినట్టు?

మరుసటేడు జూలైలో ఆకు మీద పిట్ట రెట్ట కనిపిస్తే గోటితో గీకబోయాను. రెట్ట కదిలింది! చూస్తుండగానే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికొచ్చాయి, నిమ్మతొక్క నలిపినట్టు ఘాటు వాసన. కొమ్ములు మళ్లీ లోపలికి పోయాయి. పదిహేనేళ్లుగా కరివేపాకు దూస్తున్నా గానీ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. చిన్నప్పుడు రెట్టలా ఉండి పిట్టల కళ్లు కప్పుతుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి, వీటి మీదే గుడ్లు పెడుతుంది.

ఆ ఏడాది మందు తేలేదు. ఇంకో కరివేపాకు మొక్క కొని డాబా మీద కుండీలో పెట్టాను. పైది మాకు, కిందది వాటికి. మొదటి దఫా పదకొండు పురుగులు లెక్కపెట్టాను. నాలుగు రోజులకు ఐదే ఉన్నాయి, మిగతావి పిగిలిపిట్టలు ఏరుకుపోయాయి. చివరికి రెండే ప్యూపాలయ్యాయి (పురుగు సీతాకోకగా మారే ముందు కదలకుండా ఉండే దశ), నడుముకు సన్నటి దారం చుట్టుకుని పుల్లకు వేలాడుతూ. పిల్లలూ నేనూ రోజూ పొద్దున్నే వెళ్లి చూసేవాళ్లం. ఒకదాంట్లోంచి నిజంగానే సీతాకోకచిలుక వచ్చింది. రెండోది రంగు మారి నల్లబడింది. ఓ రోజు దానికి సూదిమొన అంత చిల్లు పడి, అందులోంచి నువ్వుగింజ కన్నా చిన్న కందిరీగలు, మెరుస్తూ, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. లోపలున్నదాన్ని అవి తినేశాయి. మా చిన్నోడు ఏడ్చాడు. నాకూ ఏదోలా అనిపించింది. పెరట్లోకి రమ్మని పిలిచాక, ఫలానావాళ్లే రావాలంటే కుదరదు కదా.

ఈ ఉత్సాహంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. పిచ్చుకల కోసం గూడుపెట్టె తగిలించి, గోడ మీద రోజూ గుప్పెడు నూకలు చల్లడం మొదలుపెట్టాను. పిచ్చుక ఒక్కటి రాలేదు. పావురాలొచ్చాయి. రాత్రిళ్లు ఎలుకలొచ్చాయి. గూడుపెట్టెలో బల్లి కాపురం పెట్టింది. నవంబరులో ఒక మధ్యాహ్నం, బట్టల రాయి పక్కన ఆరడుగుల పాము.

పక్కింటాయన కట్టె పట్టుకుని గోడ దూకినంత పని చేశాడు. పడగ లేదు, పెద్ద కళ్లు, పెదవి అంచున నల్లటి గీతలు. జెర్రిపోతని గుర్తుపట్టాను. విషం ఉండదు. నాగుపాముకు మొగుడంటారు గానీ, అది వేరే జాతి. "చంపితే కేసవుద్ది అన్నా, 1972 నుంచే చట్టం ఉంది" అని ఆయన్ని ఆపాను. ఇరవై నిమిషాలకు అది తూము గుండా వెళ్లిపోయింది. (గుర్తుపట్టలేకపోతే ధైర్యం చేయొద్దు, దూరంగా నిలబడి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయాలి.) అత్తమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "గింజలు నువ్వు వేస్తివి. ఎలుకలొచ్చినయ్. ఎలుకల కోసం ఇదొచ్చె. రేపు దీనికోసం ఎవరొస్తరో!"

నూకలు ఆ రోజే బంద్. ఇప్పుడు ఒక మట్టి మూకుడులో నీళ్లు, మధ్యలో రెండు గులకరాళ్లు. రాళ్లు లేకపోతే తేనెటీగలు మునిగి చస్తాయి. రెండు రోజులకోసారి నీళ్లు పారబోసి తోముతాను, లేకపోతే దోమలు.

ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు జరుగుతుంది. మన పెరట్లో కనీసం 15 నిమిషాలు కూర్చుని, కనిపించిన పిట్టలను లెక్కపెట్టి, పిట్టల లెక్కలు రాసుకునే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. కూర్చున్నాను. తొమ్మిది రకాలు రాసి గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, ఎనిమిదే. నల్లగా నీలంగా మెరిసే మగ తేనెపిట్టను, పసుపు పొట్ట ఆడ తేనెపిట్టను వేర్వేరు జాతులుగా రాశాను.

ఆ ఆడపిట్టే మార్చిలో మా వసారాలో బట్టల తీగకు గూడు కట్టింది. సాలెగూళ్లు పీక్కొచ్చి, వాటితో బెరడు ముక్కలు, ఎండుటాకులు అతికించింది. గొంగళిపురుగుల రెట్టలు కూడా! చూస్తే ఏదో చెత్త వేలాడుతున్నట్టే ఉంటుంది. ద్వారం మీద చిన్న చూరు. లోపల పరుపుకు అత్తమ్మ వత్తులు చేసుకునే పత్తి ఎత్తుకుపోయింది. మగపిట్ట తీగ మీద కూర్చుని అరవడమే తప్ప పుల్ల ముట్టలేదు. "అచ్చం మీ మామయ్యే" అంది అత్తమ్మ.

అసలు గొడవ బూజు దగ్గర వచ్చింది. ఉగాదికి ఇల్లు దులపాలి. ఇంట్లో బూజుంటే దరిద్రమని ఆవిడ, అది దులిపితే గూటికి దారం ఉండదని నేను. మా ఆయన ఎటూ మాట్లాడకుండా పేపరు చదువుకున్నారు. చివరికి గదులన్నీ దులిపి, వసారా వదిలేసింది. బట్టలకు ఇంకో తాడు కట్టుకున్నాం.

సుమారు రెండు వారాలకు గూట్లోంచి రెండు నోళ్లు బయటికొచ్చాయి. తేనెపిట్ట కదా, తేనె తాగిస్తుందనుకున్నాను. ముక్కున సన్న సాలీళ్లు, పచ్చపురుగులు పట్టుకొచ్చింది. ఈసారి మగపిట్ట కూడా పనిలోకి దిగింది. ఒక ఆదివారం అరగంట కూర్చుంటే ఇద్దరూ కలిసి పద్దెనిమిది సార్లొచ్చారు. 2023లోలా మందు కొట్టి ఉంటే ఆ నోళ్లలో పెట్టడానికి ఏముండేది?

పిల్లలు ఎగిరిపోయాయి. గూడు ఖాళీగా తీగ మీద ఊగుతోంది. మొన్న మా ఆయన తుంచబోతే "ముట్టకు" అని అత్తమ్మ గట్టిగా అరిచింది. ఇప్పుడు వత్తులు చేసుకున్నాక, మిగిలిన పత్తి చిటికెడు తెచ్చి పిట్టగోడ మీద రాయి కింద పెడుతోంది.