సోమవారం, సీటీ కన్సోల్ దగ్గర

పొద్దున లిస్టులో మొదటి కేసు బీఎంటీ (ఎముక మజ్జ మార్పిడి) వార్డు నుంచే. మూలకణ మార్పిడి అయ్యాక న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) దాదాపు సున్నాకి పడిపోయి, యాంటీబయాటిక్స్ మొదలై నాలుగు రోజులైనా జ్వరం దిగలేదంటే ముందు అనుమానించాల్సింది ఫంగస్‌నే, ముఖ్యంగా ఊపిరితిత్తుల్ని పట్టే ఆస్పర్జిల్లస్ అనే బూజుని. ఛాతీ ఎక్స్‌రే చాలాసార్లు మామూలుగానే వస్తుంది. సీటీలో మాత్రం చిన్న గడ్డ, దాని చుట్టూ పలచటి మసక కనబడతాయి. ఇలాంటప్పుడు "రేడియేషన్ కదా, రెండ్రోజులు చూద్దాం" అనడం పొదుపు కాదు. ఫంగస్ మందు ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

పొదుపంతా తీసే పద్ధతిలో ఉంది. రిక్వెస్ట్ ఫారం మీద అలవాటుగా "ప్లెయిన్ అండ్ కాంట్రాస్ట్" అని రాసేస్తారు, అంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించకుండా ఒకసారి, ఎక్కించి ఒకసారి. ఫంగస్ వెతకడానికి ప్లెయిన్ ఒక్కటే చాలు. కఫంలో రక్తం పడుతున్నా, గడ్డ పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉన్నా కాంట్రాస్ట్ కావాలి. అప్పుడైనా రెండూ అక్కర్లేదు. ఒక ఫేజ్‌కి (ఒకసారి తీసినదానికి) డీఎల్‌పీ, అంటే మెషీన్ చూపించే డోసు అంకె, 250 వచ్చిందనుకుందాం. ఛాతీకి 0.014తో గుణిస్తే ఒంటికి చేరే డోసు 3.5 మిల్లీసీవర్ట్‌లు. రెండు ఫేజ్‌లంటే 7. ప్రకృతి నుంచి మనిషికి ఏడాది మొత్తానికి అందేది సగటున 2.4. ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.02 మాత్రమే, వార్డులో పోర్టబుల్ మెషీన్ చూసి కంగారుపడే బంధువులకి చెప్పాల్సిన అంకె ఇది.

బల్ల ఎత్తు సంగతి ఎవరూ పట్టించుకోరు. నీరసంగా ఉన్న మనిషిని స్ట్రెచర్ మీంచి మార్చి, ఐవీ పంపుల వైర్లు సర్దే హడావిడిలో సెంటరింగ్ (పేషెంటు మెషీన్ రింగుకి సరిగ్గా మధ్యలో ఉండటం) తప్పుతుంది. పక్క నుంచి పడే లేజర్ గీత చంక మధ్యగా రావాలి. ఎక్స్‌రే ట్యూబ్ కింద ఉంచి స్కౌట్ (స్కాన్‌కి ముందు తీసే అంచనా బొమ్మ) తీసేటప్పుడు బల్ల కిందికి దిగి ఉంటే, పేషెంటు ట్యూబ్‌కి దగ్గరై ఉన్నదానికంటే లావుగా కనబడతాడు. మెషీన్ ఆ లావుకి తగ్గట్టు కరెంటు పెంచేస్తుంది. బొమ్మ బాగానే వస్తుంది కాబట్టి డోసు పేజీ తెరిస్తే తప్ప తెలియదు. చేతులు పైకి ఎత్తించాలి. హిక్‌మన్ లైన్ (ఛాతీ దగ్గర పెట్టే మందుల గొట్టం) ఉన్నా చాలామంది ఎత్తగలరు, లైన్ లాగుకుపోకుండా చూసుకోవాలి. పక్కనే ఉంచితే డోసూ పెరుగుతుంది, బొమ్మ మీద చారలూ పడతాయి. సీసం ఆప్రాన్ కప్పమని అడుగుతుంటారు. అది స్కాన్ పరిధిలోకి జారితే మెషీన్ ఇంకాస్త కరెంటు తోస్తుంది, కప్పకపోవడమే మేలు.

రెండో రిక్వెస్ట్ అసలు తీయాల్సింది కాదు. వొరికొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టి వారం, గడ్డ తగ్గిందా అని చూడాలట. మందు పనిచేస్తున్నా మొదటి వారం, పది రోజులు గడ్డ పెరిగినట్టే కనబడుతుంది, తెల్లకణాల కౌంట్స్ లేచేటప్పుడు మరీను. ఆ బొమ్మ చూసి మందు మార్చేస్తే డోసు కంటే పెద్ద నష్టం. పరిస్థితి విషమిస్తే తప్ప రెండు వారాలైనా ఆగాలి. ఫోన్ చేస్తే వార్డువాళ్లు వాయిదాకి ఒప్పుకున్నారు. నన్నడిగితే ఈ పేషెంట్లకి అనవసరంగా చేరే డోసులో పెద్ద వాటా మొదటి సీటీది కాదు, ఇలాంటి రిపీట్లదే.

"టీబీఐలో 12 గ్రే తీసుకున్నవాళ్లకి సీటీ ఓ లెక్కా?" అనే మాట ఇవాళ కూడా వినిపించింది. టీబీఐ అంటే మార్పిడికి ముందు ఒళ్లంతటికీ ఇచ్చే రేడియేషన్, గ్రే దాని కొలత. ముందు, అందరికీ టీబీఐ ఉండదు. మైలోమాకి (మజ్జలో వచ్చే క్యాన్సర్‌కి) మెల్ఫలాన్ అనే మందు ఇస్తారు, థలసీమియా పిల్లలకి ఎక్కువగా మందులతోనే కండిషనింగ్ (మార్పిడికి ఒంటిని సిద్ధం చేయడం). వాళ్లకి తగిలే రేడియేషన్ దాదాపు అంతా స్కాన్‌లదే. టీబీఐ అయినవాళ్లకేమో తర్వాతెప్పుడో ఇంకో క్యాన్సర్ వచ్చే ముప్పు ముందే పెరిగి ఉంటుంది, దాని మీద మనం ఇంకా వేయడం దేనికి? ఫాంకోని ఎనీమియా పిల్లల సంగతి వేరు. డీఎన్ఏ దెబ్బను సరిచేసుకునే శక్తే వాళ్ల కణాలకి తక్కువ. అల్ట్రాసౌండ్‌తోనో ఎమ్మారైతోనో పని జరిగేట్టుంటే వాళ్లని సీటీ గది ఛాయలకే రానివ్వకూడదు.

మధ్యాహ్నం లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) పెట్-సీటీ. ఇందులో ఎక్కించే రేడియోధార్మిక చక్కెర ఎఫ్‌డీజీ 370 మెగాబెకెరల్‌కే 7 మిల్లీసీవర్ట్‌లు, తోడు సీటీ. ఈమధ్యే పూర్తి సీటీ తీసి ఉంటే ఇక్కడ లో-డోస్ సీటీతో సరిపెట్టొచ్చు. పూర్తి కాంట్రాస్ట్ సీటీ కూడా కలిపితే మొత్తం 20 దాటొచ్చు. గుండె పనితీరుకి మూగా స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి గుండెని చూసేది) బదులు ఎకో చాలు.

రక్తం బ్యాగ్ మీద "ఇర్రేడియేటెడ్" స్టిక్కర్ చూసి ఒక అటెండెంట్ భయపడ్డారని సిస్టర్ చెప్పింది. దాత లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) పేషెంటు ఒంటి మీద దాడి చేయకుండా బ్యాగ్‌కి 25 గ్రే ఇస్తారు. ఆ రేడియేషన్ రక్తంలో మిగలదు, పేషెంటుకి ఎక్కదు.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో వచ్చేవాళ్లు పెద్ద కవర్లో ఫిల్ములు తెస్తారు, సీడీ మాత్రం ఉండదు. పాత గడ్డనీ కొత్త గడ్డనీ ఫిల్ముల మీద పక్కాగా పోల్చలేక మళ్లీ సీటీ రాస్తారు. తీసిన సెంటర్‌లోనే డైకామ్ సీడీ (అసలు స్కాన్ ఫైళ్లున్న సీడీ) అడిగి తీసుకోవాలి, అందులో డోస్ రిపోర్ట్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ అప్పుడే సీడీ గురించి అడగమని రేపు ఫ్రంట్ ఆఫీసుకి చెప్పాలి.