యూరియా బస్తా మీద బైయూరెట్, నాళికలో ఊదా రంగు

యూరియా బస్తా మీద నత్రజని 46 శాతం అన్నది అందరూ చూస్తారు, బైయూరెట్ 1.5 శాతానికి మించదన్న మాట మీద మాత్రం ఎవరి కళ్లూ ఆగవు. యూరియాని కరిగేదాకా, అంటే 133 డిగ్రీలు దాటేలా కాస్తే రెండు అణువులు కలిసి, ఒక అమ్మోనియా పోయి, బైయూరెట్ మిగులుతుంది. కాస్టిక్ సోడా, మైలుతుత్తం (రాగి సల్ఫేట్) వేస్తే ఇది ఊదా రంగిస్తుంది. ప్రొటీన్ కూడా అదే రంగిస్తుంది కాబట్టి ప్రొటీన్‌ని పట్టే ఆ పరీక్షకూ బైయూరెట్ పరీక్ష అనే పేరు పడింది.

ఊదా రంగుకి కారణం రాగి, నత్రజని. క్షారంలో పెప్టైడ్ బంధపు (ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలను కలిపే బంధం) నత్రజని తన హైడ్రోజన్‌ని వదిలేసి రాగిని పట్టుకుంటుంది. అలా నాలుగు నత్రజనులు రాగి చుట్టూ చదరంగా కూర్చుంటాయి. విడి అమైనో ఆమ్లాలకు ఆ రంగు రాదు, హిస్టిడిన్ ఒక్కదానికి తప్ప.

పరీక్షకి వాడే బైయూరెట్ ద్రావణం లీటరు చెయ్యడానికి 1.5 గ్రా. మైలుతుత్తం, 6 గ్రా. సోడియం పొటాషియం టార్ట్రేట్ 500 మి.లీ. నీళ్లలో పూర్తిగా కరగాలి. ఆ తర్వాతే 10 శాతం కాస్టిక్ సోడా 300 మి.లీ. కలుపుతూ పోసి, నీళ్లతో లీటరు చెయ్యాలి. టార్ట్రేట్ మరిస్తే రాగి హైడ్రాక్సైడ్ నీలం ముద్దగా దిగిపోతుంది. ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలో ఉంచాలి. అడుగున నల్లగానో ఎర్రగానో మడ్డి కనిపిస్తే పారబోయడమే.

నమూనా 1 మి.లీ.కి ద్రావణం 4 మి.లీ., అరగంట ఆగి 540 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు గాఢత కొలత. సరిచూసుకోడానికి కోడిగుడ్డు తెల్లసొన చాలు, 20 వంతులకు పలచన చెయ్యాలి. ఉత్త నీళ్లలో కలిపితే తెల్లటి పోగులు తేలతాయి, 0.9 శాతం ఉప్పునీళ్లలో కలపండి.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేతకి ఈ పరీక్ష మరీ పనికొస్తుంది. ప్రొటీన్ లెక్కకి మామూలుగా వాడే జెల్‌డాల్ పద్ధతి నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తుంది, అది ప్రొటీన్‌దా యూరియాదా అని అడగదు. 100 కిలోల మేతలో కిలో యూరియా కలిస్తే ప్రొటీన్ దాదాపు 2.9 శాతం ఎక్కువ చూపిస్తుంది. బైయూరెట్ పరీక్షలో మాత్రం యూరియాకి రంగు లేదు. అయితే బెల్లం మడ్డి కలిసిన మేతైతే అందులోని చక్కెరలు రాగిని ఎర్రటి ఆక్సైడ్‌గా మార్చి కొలతని పాడుచేస్తాయి. అమ్మోనియం లవణాలుంటే ముదురు నీలం వస్తుంది, దాన్ని ఊదా అనుకోవద్దు. కొవ్వు, పిండి వల్ల మసకపడితే వడకట్టి, రాగి లేని ద్రావణంతో అదే నమూనాని విడిగా కొలిచి, ఆ అంకెని తీసెయ్యాలి.

రాగి బదులు నికెల్ వేస్తే ఊదా రాదు, పసుపు వస్తుంది. కూర్చునే చోటూ తీరూ ఒకటే, రంగే వేరు. పెప్టైడ్ హైడ్రోజన్‌ని వదిలించడానికి నికెల్‌కి రాగికన్నా ఎక్కువ పీహెచ్ కావాలి. కానీ ప్రొటీన్ గొలుసు మొదటి నుంచి మూడో స్థానంలో హిస్టిడిన్ ఉంటే మామూలు పీహెచ్‌లోనే రెండూ పట్టుబడతాయి. మన రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మొదట్లో ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్, హిస్టిడిన్ వరుసగా ఉన్నాయి, కుక్క ఆల్బుమిన్‌లో ఆ మూడోచోట టైరోసిన్ కూర్చుంది, అందుకే దానికి ఆ పట్టు లేదు. నికెల్ సల్ఫేట్‌ని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. గిల్టు నగలకి దురద పెట్టేవాళ్లకి కారణం చాలావరకు ఇదే లోహం.

రొయ్య రక్తంలో రాగి పట్టు ఇంకోలా ఉంటుంది. అందులో ఆక్సిజన్‌ని మోసే ప్రొటీన్ హీమోసయనిన్‌లో ఒక్కో జంట రాగిని ఆరు హిస్టిడిన్లు పట్టుకుంటాయి, ఒక్కోదానికి మూడు చొప్పున. సిరంజిలోకి తీసిన రక్తం గాలి తగిలితే నీలంగా మారేది ఆ రాగి జంటకి ఆక్సిజన్ అంటుకోవడం వల్లే.